లేని గేరు

స్టీరింగు చక్రం వెనక, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, చెవుల్లా రెండు చిన్న మీటలుంటాయి. కంపెనీ వాళ్లు వాటిని ప్యాడిల్ షిఫ్టర్లంటారు. రాయపూర్‌లో మా వర్క్‌షాపు వాళ్లు ‘గాడీ కే కాన్’, బండి చెవులు, అనేవాళ్లు. కుడిదాని మీద ప్లస్సు గుర్తు, ఎడమదాని మీద మైనస్సు గుర్తు. ఈ రెండు చెవుల గురించి నేను చాలాకాలం జనానికి ఒక తప్పు మాట చెప్పాను. నా ఉద్యోగంలో ప్రమోషన్లూ ఉన్నాయి, గోడకు తగిలించిన సర్టిఫికెట్లూ ఉన్నాయి. వాటి గురించి రాయడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా తప్పే ఎక్కువ పనికొస్తుంది.

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకు ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. కొత్త రాష్ట్రం వచ్చి రాయపూర్ రాజధాని అయిన రోజుల్లో నేను ఒక కార్ల సర్వీసు సెంటర్లో చేరాను. కొన్నేళ్లు పానాలు పట్టుకున్నాక రోడ్ టెస్టు నా పనైంది. అంటే రిపేరయిన బండిని నడిపి, దాని చప్పుడు విని, సరిగ్గా ఉందనుకున్నాక సొంతదారుకు తాళాలిస్తూ నాలుగు మాటలు చెప్పాలి. అందరూ రిపేరే కష్టమనుకుంటారు. నన్నడిగితే ఆ నాలుగు మాటలే కష్టం.

మా వర్క్స్ మేనేజరు దూబే సాబ్ ఎవరినీ తిట్టేవాడు కాదు. తిట్టినా బాగుండేదనిపించేలా చూసేవాడు. నన్ను మాత్రం వారానికోసారైనా ఒక మాట అనేవాడు: “అప్పారావ్, నీకు తెలివి ఎక్కువ, భయం తక్కువ.” దాన్ని నేను చాలా ఏళ్లు పొగడ్తగానే తీసుకున్నాను.

పెట్టె విప్పిన రోజు

క్లచ్చి లేని కార్లు మా దగ్గరికి రావడం మొదలైన కొత్తలో వాటి గేర్‌బాక్సు విప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఒక బండి నీళ్లలో మునిగి వచ్చింది. ఇక విప్పక తప్పలేదు. నాతోపాటు ఖేమ్‌లాల్ ఉన్నాడు. రోజూ తిల్దా నుంచి లోకల్‌లో వచ్చే పెద్ద మెకానిక్కు, నాకంటే పదేళ్లు పెద్ద. ఇంజను పని అతనికి కొట్టిన పిండి. మూత తీశాం. లోపల పళ్ల చక్రాల దొంతర ఉంటుందనుకున్నాం, గేర్‌బాక్సంటే అదే కదా. దాదాపు ఏమీ లేదు. రెండు గిలకలు, వాటి మధ్య ఒక ఉక్కు పట్టీ. అంతే.

ఒక్కో గిలక రెండు ముక్కలుగా ఉంటుంది, ఎదురెదురుగా పెట్టిన రెండు పళ్లేల్లా. ముక్కలు దగ్గరికి జరిగితే పట్టీ గిలక అంచుకు ఎక్కుతుంది, దూరం జరిగితే ఇరుసు దాకా దిగుతుంది. ఒక గిలక మీద ఎక్కుతున్నప్పుడే రెండోదాని మీద దిగుతుంది. మొదటి గేరు, రెండో గేరు అని మెట్లు లేవు. నున్నటి ఏటవాలు ఒక్కటే.

ఆ పట్టీని బల్ల మీద పెట్టుకుని ఖేమ్‌లాలూ నేనూ టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూచున్నాం. వేలిగోరంత ఉక్కు బిళ్లలు, పల్చటివి, వందలకొద్దీ, పేకముక్కల్లా పక్కపక్కన పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆ పట్టీ ఒక గిలకను పట్టి రెండోదాన్ని లాగదు. బిళ్ల బిళ్లను తోస్తుంది. లాగే తాడు లోకంలో అందరికీ తెలుసు. తోసే తాడును నేను అప్పుడే చూశాను. ఖేమ్‌లాల్ నూనె చేతిని గుడ్డకు తుడుచుకుని, ఆ పట్టీని తాకి కళ్లకద్దుకున్నాడు. విశ్వకర్మ పూజ రోజున తప్ప అతను అలా చెయ్యగా నేను చూడలేదు. నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు.

దానికి పోసే నూనె కూడా వేరు. మామూలు నూనె జారడానికి, ఇది జారకుండా పట్టుకోవడానికి. మా దగ్గర ఒకతను డబ్బా చూడకుండా మామూలు ఆటోమేటిక్ నూనె పోస్తే, నెల తిరక్కుండా గిలకల ముఖాలు గీసుకుపోయాయి. ‘ఏ నూనైతేనేం’ అనేవాడు ఈ పనికి పనికిరాడు. ఆ మాట నేను ఎంత గట్టిగా చెప్పేవాణ్నో! నూనె విషయంలో ఉన్న ఆ జాగ్రత్త నా మాట విషయంలో లేకపోయింది.

ఝున్‌ఝునా

తర్వాత కొన్నేళ్లకు అవే గేర్‌బాక్సులున్న కార్లకు స్టీరింగు వెనక చెవులు మొలిచాయి. షోరూము అమ్మకాల వాళ్లు వాటిని చూపించి రేసు కారంత గొప్ప చెప్పేవాళ్లు. ఎడమది లాగితే గేరు తగ్గుతుందట, కుడిది లాగితే పెరుగుతుందట, మీటరులో ఒకటి నుంచి ఏడు దాకా అంకె కనిపిస్తుందట. నాకు ఒళ్లు మండేది. పెట్టె విప్పి చూసినవాణ్ని. లోపల గేర్లే లేవు. లేని ఏడు గేర్లను లెక్కపెట్టడానికి రెండు మీటలా?

బీర్‌గావ్ నుంచి ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఫిర్యాదుతో వచ్చాడు. మీట లాగితే మూడు అని చూపిస్తోందట, కాసేపటికి అంకె దానంతటదే మాయమైపోతోందట. పాడైందేమో చూడమన్నాడు. పాడవలేదు. గేరు లివరు మామూలు ‘డి’ స్థానంలో ఉన్నప్పుడు కాసేపు మన మాట విని, తర్వాత బండి మళ్లీ తన ఇష్టానికి పోతుంది. ఆ సంగతి చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ‘యే ఝున్‌ఝునా హై భాయ్‌సాబ్’ అన్నాను. ఏడ్చే పిల్లాడి చేతిలో పెట్టే ఆటవస్తువు, ఊపితే గలగలమంటుంది, అంతే. సూపర్‌వైజరు పగలబడి నవ్వాడు. వర్క్‌షాపంతా నవ్వింది. ఆ రోజు నుంచి అది నా మాటైపోయింది. ‘డి’లో పెట్టండి, నడపండి, ఝున్‌ఝునా జోలికి పోకండి. తాళాలిచ్చిన ప్రతివాళ్లకూ ఇదే చెప్పాను.

నిజం చెప్పాలంటే ఆ సలహా రాయపూర్ ఊళ్లో తప్పు కాదు. చదునైన నేల, సిగ్నళ్లు, ఆటోలు, అడ్డొచ్చే స్కూటర్లు. ఇక్కడ ఆ మీటలతో పనేమీ లేదు. ముందు బండిని దాటాలన్నా యాక్సిలేటరు గట్టిగా తొక్కితే బండి మనకంటే బాగా చూసుకుంటుంది. నా తప్పేమిటంటే, నా కస్టమర్లు ఊళ్లోనే ఉంటారనుకోవడం.

సలోమి సిస్టరు

సలోమి గారు ఇక్కడొక ఆసుపత్రిలో సీనియరు నర్సు. వాళ్లదీ విజయనగరం వైపే. అందరూ సిస్టరని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. ఆవిడ అమ్మగారికి ఎనభై దాటాయి, తుంటి విరిగి అతికింది, రైలు మెట్లు ఎక్కలేదు. ఆ మామ్మగారి చెల్లెలు విజయనగరంలో మంచం పట్టి ఉంది. అక్కను చూడాలని రోజూ కలవరిస్తోందని ఫోన్లు వచ్చేవి. అమ్మను చెల్లెలి దగ్గరికి తీసుకెళ్లడానికే సలోమి గారు కారు కొన్నది, యాభై దాటాక డ్రైవింగు నేర్చుకున్నది. క్లచ్చి గొడవ ఉండదని ఈ రకం కారే తీసుకుంది.

మొదటి సర్వీసు చేసి తాళాలిస్తుంటే, స్టీరింగు వెనక ఇవేమిటి తమ్ముడూ అని అడిగింది. ఆవిడతో నేను హిందీ మాట్లాడను. తెలుగువాళ్లు దొరికేదే తక్కువ, దొరికినప్పుడు నాలుగు మంచి తెలుగు ముక్కలు వాడాలని నా సరదా. ఝున్‌ఝునాను తెలుగు చేసి చెప్పాను.

“అవి గిలకలండీ, అంతే.”

ఆవిడ తలూపింది. అర్థమైందా అన్నాను, అయిందంది. వారం తిరక్కుండా అమ్మను వెనక సీట్లో కూచోబెట్టుకుని బయల్దేరింది. జగ్దల్‌పూర్, కోరాపుట్ మీదుగా వెళ్లి, ఒడిశా కొండల మీంచి సాలూరుకు దిగే ఘాట్ రోడ్డు అది, మా వైపువాళ్లు గాటీ అంటారు. మైళ్ల కొద్దీ దిగుడే, మలుపు వెనక మలుపు.

పదిరోజుల తర్వాత ఆవిడ వర్క్‌షాపుకు వచ్చింది, చేతిలో మిఠాయి పెట్టె. నేరుగా దూబే సాబ్ గదికి వెళ్లి నన్ను పిలిపించింది. నిలబడే చెప్పింది, దూబే సాబ్‌కు హిందీలో, నా వైపు తిరిగి తెలుగులో. సగం ఘాటు దిగేసరికి చక్రాల దగ్గర్నుంచి కమురు వాసన వచ్చిందట. నేను చెప్పినట్టే ‘డి’లో ఉంచి, బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగుతోంది. తర్వాత బ్రేకు మెత్తబడింది, తొక్కుతుంటే కాలు కిందికి పోతోందిగాని బండి నిలవడం లేదు. ఎదురుగా లారీ, ఎడమ పక్కన లోయ, వెనక అమ్మ గట్టిగా ప్రార్థన. అప్పుడు గుర్తొచ్చిందట నా మాట.

“నువ్వే కదా తమ్ముడూ చెప్పావు, అవి గిలకలని. మా ట్రైనింగు రోజుల్లో నర్సుల క్వార్టర్స్‌లో గిలక బావుండేది. చేద వదిలీసేమంటే గిర్రున పోతాది. తాడు పట్టుకుంటే గిలక మీద నెమ్మదిగా దిగుతాది. గిలకుందంటే తాడుంటాది, తాడుంటే పట్టుకోవచ్చు కదా అనిపించింది. కిందికి కాబట్టి మైనస్సు లాగేను. ఇంజను ఒకటే గోల. ఇంకోటి లాగేను. అప్పుడు పట్టుకుంది. మమ్మల్నెవరో వెనకనించి పట్టుకున్నట్టే పట్టుకుంది.”

అంకె మాయమైతే మళ్లీ లాగిందట. మళ్లీ మాయమైతే, లివరు ‘డి’ కిందనున్న ‘ఎస్’లోకి జరిపి చూసింది, అంకె నిలిచింది. వెడల్పు చోటు దొరకగానే పక్కకు ఆపి, జ్వరం పేషెంటును కనిపెట్టినట్టు గంటసేపు చక్రాలను కనిపెట్టుకుని కూచుంది. చల్లారాక దిగింది.

దూబే సాబ్ లేచి నా భుజం తట్టాడు. గుమ్మం దగ్గర నిలబడి విన్న ఖేమ్‌లాల్ చప్పట్లు కొట్టాడు. నేను మిఠాయి తీసుకుని తిన్నాను.

ఒప్పుకోలు

ఆ మిఠాయి నాకు చెందాల్సింది కాదు. నేనన్నది బావి గిలక కాదు. చంటిపిల్లల గిలక. హిందీలో అయితే దానికీ దీనికీ పోలికే లేదు, అది ఝున్‌ఝునా, ఇది ఘిర్నీ. నేను హిందీలో చెప్పి ఉంటే ఆవిడ ఆ మీటను ముట్టుకునేది కాదు. తెలుగులో మాత్రం పసిపిల్లాడి చేతిలోదీ గిలకే, బావి మీదదీ గిలకే. నేను వెటకారంగా అన్న మాట ఆవిడ చెవిలో నిజమై కూచుంది. అదీ ఎలాంటి నిజం! పెట్టెలో ఉన్నది గిలకలే. మీట చేసే పని గిలకను ఒకచోట బిగించి పట్టుకోవడమే. విప్పి, కడిగి, చేత్తో తిప్పి చూసినవాణ్ని నేను. మూత కూడా చూడని మనిషి ఒక్క మాట పట్టుకుని, చావు ఎదురుగా ఉన్నప్పుడు, లోపలేముందో సరిగ్గా ఊహించింది. ఇన్నేళ్ల పనిలో నేను ఇంతగా దేనికీ ఆశ్చర్యపోలేదు. సిగ్గు కూడా దేనికీ ఇంత పడలేదు.

లేని గేరని నవ్వాను కదా. లేకపోతేనేం, పట్టుకుంది కదా.

మూడో రోజు డ్యూటీ దిగి వాళ్లింటికి వెళ్లాను. మామ్మగారు అక్కడే మంచం మీద ఉంది. వచ్చేటప్పుడు ఆ కారు ఎక్కనని మొండికేస్తే, రైల్లో నలుగురు ఎత్తి దించారట, తుంటి మళ్లీ వాచింది. ఇక కారు ఎక్కదు, రైలు ఎక్కలేదు. చెల్లెలు మళ్లీ కలవరించడం మొదలుపెట్టింది. ఆ సంగతి విన్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్పాను.

“సిస్టరు గారూ, నేను గిలక అన్నది బావి గిలకని కాదండీ. పిల్లలాడుకునే గిలకని. హిందీలో ఝున్‌ఝునా అని అందరికీ చెప్పే మాటే అది. పనికిరావని చెప్పాను మీకు.”

ఆవిడ కోపగించుకోలేదు. స్టవ్వు కట్టేసి వచ్చి ఎదురుగా కూచుంది.

“మా వార్డులో మందులిచ్చి పంపేటప్పుడు అర్థమైందా అని అడగం తమ్ముడూ. అడిగితే అందరూ అయిందనే అంటారు. ఏం అర్థమైందో చెప్పు అంటాం. నువ్వెప్పుడైనా నన్నలా అడిగేవా?”

“లేదండీ.”

“నీ మాటకంటే నా చెవే నాకు మేలు చేసింది. ఆ ఝున్‌ఝునా మాట ఇంకెంతమందికి చెప్పేవు?”

నాకు తెలియదు. ఆ జవాబు ఆవిడ ముఖం చూస్తూ చెప్పవలసి రావడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు దూబే సాబ్‌కు అంతా చెప్పాను. భుజం తట్టిన చెయ్యే తలుపు మూసింది. ఆ రకం కార్లున్న వాళ్లందరి నంబర్లూ తీయించి నా ముందు పెట్టి, పానా ముట్టుకోకుండా ఫోన్లు చెయ్యమన్నాడు. చేశాను. దిగుడు రోడ్డులో లివరు ‘ఎస్’లో పెట్టండి, ఎడమ మీట లాగండి, ఇంజను అరిస్తే భయపడకండి, అది పట్టుకుంటున్న చప్పుడు. వేగం మరీ ఎక్కువుంటే బండి ఒప్పుకోదు, ముందు బ్రేకు గట్టిగా తొక్కి వేగం తగ్గించి అప్పుడు లాగండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. ఇంతా చెప్పి, నేనేం చెప్పానో ఇప్పుడు మీరు చెప్పండి అని అడిగేవాణ్ని.

అక్కడ తెలిసింది నా ఇరవయ్యేళ్ల ఉద్యోగం ఎలాంటిదో. తిల్దా రైసు మిల్లు ఆసామి, అంతా విని, ‘సరే, కొండ ఎక్కేటప్పుడు ఎడమది’ అన్నాడు. ఒక టీచరమ్మ అవి లైట్ల స్విచ్చులని ఇన్నాళ్లూ ముట్టుకోలేదట. బీర్‌గావ్ సూపర్‌వైజరు మాత్రం ఎంత చెప్పినా నవ్వుతూనే ఉన్నాడు, ఝున్‌ఝునా అన్నది నువ్వే కదా అని. అతనికి మూడుసార్లు ఫోను చేశాను. మూడోసారి నవ్వకుండా తిరిగి చెప్పాడు.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. మెషీనులో ఏముందో మీకు తెలిస్తే మంచిదే. దాంట్లో ఏం లేదో తెలిసిందని మాత్రం ఎగిరిపడకండి. చెప్పిన మాట అవతలి చెవిలో ఏమైందో అడిగి వినేదాకా తాళాలివ్వకండి.

మళ్లీ ఆ దారి

రెండు నెలల తర్వాత సలోమి గారు ఫోను చేసింది. పిన్నికి బాగోలేదట, అమ్మ కారు ఎక్కనంటోందట. మెకానిక్కు వెంట వస్తే ఎక్కుతానందట. నేను సెలవు పెట్టాను. దూబే సాబ్ కారణం అడగలేదు.

కోరాపుట్ దాటి, దిగుడు మొదలయ్యే చోట సలోమి గారు బండి ఆపి నన్ను స్టీరింగు ముందుకు రమ్మంది. తాళం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

“ఏం చేస్తావో చెప్పు.”

ఇన్నేళ్లు రోడ్ టెస్టు చేసినవాణ్ని, బడిపిల్లాడిలా అప్పజెప్పాను. ‘ఎస్’ అని మొదలుపెట్టి చివరిదాకా. ఒక్కటి మరిచిపోయాను, అద్దంలో వెనక లారీని చూడటం. అది కూడా చెప్పించి అప్పుడు ఇచ్చింది.

ఎడమ మీట లాగాను. ఇంజను గొంతు పెంచింది. ఇంకోసారి లాగాను. అప్పుడు నా ఒంటికి తెలిసింది, సీటులో వీపు నుంచి అరికాళ్ల దాకా, కారు మొత్తాన్నీ కొండ మీదినుంచి ఎవరో పట్టి ఉంచినట్టు. బల్ల మీద చూసిన ఆ ఉక్కు బిళ్లలన్నీ ఇప్పుడు నా కింద, నూనెలో, ఒకదాన్నొకటి ఆనుకుని ముగ్గురి బరువు మోస్తున్నాయి. ఎన్ని పెట్టెలు విప్పానో, ఇది మాత్రం మొదటిసారి. కళ్లు చెమర్చాయి. సలోమి గారు అది చూసి, మలుపు చూడమంది.

కాలు బ్రేకు మీదికి నాలుగైదుసార్లే వెళ్లింది. మలుపులు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోయాయి. కొండలు తగ్గాయి, వరిమళ్లు వచ్చాయి, తెలుగు బోర్డులు వచ్చాయి. సాలూరు ఊళ్లో టీ కొట్టు దగ్గర బండి ఆపాను. వెనక సీట్లో కునుకు తీస్తున్న మామ్మగారు కళ్లు తెరిచి, చీర కొంగు సర్దుకుని, ముందుకు వంగింది.

“గాటీ ఇంకా రానేదేటే సలోమీ?”